ఒక్క తట్ట కావడి

నా చిన్నప్పుడు మా గూడేనికి బడి లేదు. ఆ తర్వాత పిల్లలు, కాఫీ తోట, పొయ్యి. అక్షరం ముట్టుకునే తీరిక రాలేదు. అరవై దాటాక నా మనవరాలే, సెలవులకు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని నా చేత రాయించింది. అందుకే ఈ సంగతి ఇప్పటికి రాయగలుగుతున్నాను.

మా మామ్మకు ఒక నేస్తం ఉండేది. ఊరి పెద్దల ముందు ఒకే సొరకాయ బుర్రలో అంబలి తాగి నేస్తం కట్టారట. మొగుళ్లు పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే చాప మీద పడుకున్నారు. ఒకరికొకరు ఏమవుతారని ఎవరూ అడిగేవారు కాదు. నేస్తాలు, అంతే.

ఒకసారి వాళ్లతో సంతకు వెళ్లాను. కింద ఊళ్ల నుంచి వచ్చిన గుడ్డల వర్తకుడు వాళ్లను చూసి, "ఏటప్పా, ఇద్దరూ పెళ్లాలే, మరి మొగుడేడీ?" అని పగలబడి నవ్వాడు. మామ్మ నేస్తం తల దించుకుంది. ఎందుకో తెలియకుండానే నేనూ నవ్వాను.

అమ్ముడుపోని అల్లంతో తిరిగి వస్తుంటే మామ్మ దారిలో కావడి దించింది. ఒక తట్ట విప్పేసి, మిగిలిన తట్టతో కావడిని నా భుజానికెత్తింది.

"బాగా నవ్వినావు గదే గుంటా, మోసుకొచ్చీ మరి."

పది అడుగులు వేశానో లేదో కావడి ఒరిగి అల్లమంతా దొర్లిపోయింది. ఏడ్చాను. మామ్మ నేస్తమే వంగి ఒక్కొక్కటీ ఏరింది. "అది నేకపోతే నా బతుకూ ఇంతే గుంటా" అంది మామ్మ, నేస్తం వైపు చూపిస్తూ.

మొన్న మా ఇంట్లో ఒక గదికి బయట తాళం పడింది. లోపల నా మనవరాలు. ఇరవై నాలుగేళ్లది, విశాఖలో నర్సు. తనతో పనిచేసే నర్సమ్మాయితోనే కలిసి బతుకుతానందని నా కొడుకు ఫోను లాక్కున్నాడు, పెళ్లి సంబంధాలకు తిరగసాగాడు.

"నేస్తమే గదరా" అన్నాను.

"ఆ రోజులు కావమ్మా. దీనికిప్పుడో పేరుంది. సెల్లుల్లో ఊరంతా సూత్తారు, మొకమెక్కడెట్టుకోను?"

మామ్మకూ ఆమె నేస్తానికీ మధ్య ఏముందో నాకు తెలియదు. అప్పుడు తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

మూడు రోజులు కిటికీ ఊచల్లోంచి పళ్లెం అందించి, నోరు మూసుకున్నాను. కొడుకు ఇంట్లో నా మాటకూ తాళమే. మూడో రోజు ఖాళీ పళ్లెంలో చీటీ వచ్చింది. నేను చదవగలిగేలా పెద్ద పెద్ద అక్షరాలు: "మామ్మా, ఊపిరాడట్లేదు."

మర్నాడు పొద్దున్న కొడుకు తోటకు వెళ్లగానే గొడ్డలి వెనక వైపుతో తాళం పగలగొట్టాను. మామ్మ కావడి బద్ద ఇంకా నా దగ్గరే ఉంది. ఒక పక్క మనవరాలి సంచి, ఇంకో పక్క అల్లం తట్ట కట్టి, బస్సాగే మలుపు దాకా నేనే మోశాను. ఒరగలేదు.