షుగరు వార్డులో చప్పిడి కూడు

విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి నన్ను డైటీషియన్‌గా బదిలీ చేసి ఆరేళ్లయిన వేసవిలో జరిగింది ఇది. మిగతా వార్డులతో పాటు షుగరు పుండ్ల వార్డూ నా బాధ్యతే. ఏ రోగికి ఏ భోజనమో చార్టు మీద సంతకం పెడితే, వంటశాల ఆ ప్రకారం పంపుతుంది. రోగిని ఉంచడమా, పంపించెయ్యడమా అన్నది ఆర్‌ఎంఓ, అంటే ఆసుపత్రి పాలన చూసే డాక్టరుగారి చేతిలో ఉంటుంది.

ఆ వార్డులో చేరిన నాగరత్నం కొల్లేరు చేపలు తెచ్చి వన్ టౌన్‌లో అమ్ముకునే మనిషి. కుడిపాదం మీద పుండు. షుగరు దిగకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని సర్జన్ చెప్పారు. అయినా ఆవిడ దిండు కింద మూడోసారి జిలేబీ దొరికింది. ఆర్‌ఎంఓ గారు వార్డంతా వినేలా, నోరు కట్టుకోలేని వాళ్లకి మంచం దండగని, మర్నాడు డిశ్చార్జి చెయ్యమని చెప్పి వెళ్లిపోయారు.

నేనూ కసిరాను. "కాలు కావాలా, జిలేబీ కావాలా?"

"కాలే కావాలండీ. మీరు పెట్టేది తింటే తిన్నట్టే ఉండదు. నాలిక ఏదో ఒకటి పడెయ్యమని పీకుతుంది. ఒక్కపూట మీరు తిని చూడండి మేడంగారూ."

ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఇంకో పళ్లెం తెప్పించి ఆవిడ ఎదురుగానే తిన్నాను. చపాతీలు, ఉడకబెట్టిన సొరకాయ, నీళ్ల పప్పు. పులుపు లేదు, కారం లేదు. చేదు, వగరు సంగతి సరేసరి. కడుపు నిండింది గానీ, నోటికి ఏదో వెలితి.

వెళ్లి వంటమాస్టరు మీద విరుచుకుపడ్డాను. ఆయన గోడకున్న చార్టు చూపించాడు. "పులుపూ కారం వద్దని మీరు సంతకం పెట్టిందేగా మేడం!"

అది కడుపులో అల్సరున్న వాళ్ల కోసం ఎప్పుడో రాసిన చార్టు. దాన్నే షుగరు వార్డుకీ వాడేస్తున్నారు. ఆరేళ్లుగా నేను చదవకుండా సంతకం పెడుతున్నాను.

అలాంటి పళ్లెమే ఆర్‌ఎంఓ గారి బల్ల మీద పెట్టి, మొత్తం తింటే డిశ్చార్జి కాగితం నేనే రాయిస్తానన్నాను. రెండు ముద్దలు తిని పక్కకి నెట్టారు.

"నాకు ఇంటి నుంచి క్యారేజీ వస్తుంది కదమ్మా."

"ఆవిడకి రాదు సార్!" అని అరిచాను. బయట గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఆయన వారం గడువిచ్చారు. మర్యాద తప్పినందుకు నాకు మెమో కూడా ఇచ్చారు.

ఆ వార్డుకి చార్టు కొత్తగా రాశాను. చపాతీల లెక్క మార్చలేదు, మందులూ మారలేదు. చింతచిగురు పప్పు, కాకరకాయ కూర, అరటిపువ్వు పెసరపప్పు, అల్లం పచ్చిమిర్చి దంచి కలిపిన పలచటి మజ్జిగ, చివర్లో తీపికి ఒక జామముక్క. మొదటి మూడు రోజులు నాగరత్నం జిలేబీ కావాలని గొడవపడింది. నాలుగో రోజు అరటిపువ్వు కూర మారు అడిగింది. వారం గడిచేసరికి షుగరు దిగడం మొదలైంది. రెండు కాలివేళ్లు పోయాయి, పాదం నిలిచింది. ముందే మేల్కొని ఉంటే ఆ వేళ్లూ మిగిలేవేమో.

తప్పు నాదేనని ఆవిడతో చెప్పాను. "సర్లెండి. ఆ చింతచిగురు పప్పు మాత్రం ఆపకండి," అంది.

అన్ని రుచులూ కాస్త కాస్త అందితే నాలిక ఒక్కదాని కోసం ఎగబడదు. ఇది నేను చదువుకున్నదే, ఉద్యోగంలో పాటించలేదు. ఆ తర్వాత నేను రుచి చూడని భోజనం ఏ వార్డుకూ వెళ్లలేదు. నా సంతకంతో వచ్చిన కూడు తిని, నోరు కట్టుకోలేరని మాటలు పడ్డవాళ్లు ఎందరో నాకు తెలియదు. ఆర్‌ఎంఓ గారి మీద కోపం నేను రిటైరయ్యేలోపే పోయింది. నా మీద కోపం ఇంకా ఉంది.