శుద్ధమైన తెలుగు

అల్ ఖోర్ నుంచి దోహా వచ్చే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, ఒంటి మీద కంపెనీ చొక్కా. నాలుగు మాటలు కలిశాక, "మీ తెలుగు ఎంత శుద్ధంగా ఉందండీ, పుస్తకంలా" అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

"కొట్టి నేర్పారు సార్" అన్నాడు. "మేము ఆదిలాబాద్ గోండులం. ఆశ్రమ పాఠశాలలో మా భాష మాట్లాడితే అరచేతి మీద బెత్తం పడేది. దాహమేసి గోండిలో నీళ్లడిగాను. కొట్టారు, ఆ రోజంతా నీళ్లు కూడా ఇవ్వలేదు."

అప్పటి పిల్లలు ఇప్పుడు ముసలివాళ్లయి, వారానికోసారి ఊళ్లో కూర్చుంటున్నారట. ఏ మాటకు దెబ్బలు తిన్నారో ఆ మాటను ఒక్కొక్కరూ అందరి ముందూ పైకి అనాలి. ఈయన ఇక్కణ్ణుంచి ఫోన్లో కలుస్తాడు; ఈయనకు సెలవు కాబట్టి శుక్రవారం పెట్టుకున్నారు. మేం బస్సెక్కిన ఆ రోజు శుక్రవారమే, ఈయన వంతు.

ఫోన్ మోగింది. స్పీకర్లో పదిమంది గొంతులు. ఆయన గొంతు సవరించుకుని "ఏరు" అన్నాడు.

అవతల నవ్వారు. ఒక ముసలావిడ ప్రేమగానే సరిదిద్దింది, "ఏర్."

"నీళ్లను మేము ఏర్ అంటాం సార్. నా నోట్లో అది తెలుగు ఏరైపోయింది."

నవ్వుతూనే చెప్పాడు. కుడి అరచేయి మాత్రం అప్పటికే నా ముందుకు చాచి ఉంది.