కాటా మేస్త్రీ దాచిన నాలుగు కిలోలు

బజారులో ఏ కొట్టు కాటా చెడినా కాటా మేస్త్రీకే కబురు వెళ్తుంది. ముప్పై ఏళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి. ముందు భుజాన సంచిలోంచి అసలు తూకపురాళ్లు తీసి కాటా మీద పెట్టి చూస్తాడు. ఆ తర్వాతే స్క్రూ ముట్టుకుంటాడు. చివర్లో తీగ చుట్టి సీసం సీలు నొక్కుతాడు. "ఇది తప్పు చూపిస్తోంది మేస్త్రీ" అని ఏ కొట్టాయన మొత్తుకున్నా, "కాటాకి నీ మీద పగేంటయ్యా?" అని నవ్వేస్తాడు.

ఆరేళ్ల కింద న్యుమోనియా ఆయన ఊపిరితిత్తులు రెండింటినీ తినేసింది. నెలన్నర యంత్రాల మీద ఉంచి, ఎవరో పుణ్యాత్ముడివి తెచ్చి అమర్చారు. ఆ గొడవలో కిడ్నీలూ పడకేశాయి. రెండు వారాలు డయాలసిస్ చేస్తే లేచాయి. లేచాయి కదా అని అందరూ వాటిని మర్చిపోయారు. ఆస్పత్రివాళ్లు ఏటా ఆపరేషన్ జరిగిన తారీఖున ఆయన్ని పిలిచి, బెలూన్ ఊదించి, చప్పట్లు కొట్టి, ఫొటో గోడకెక్కిస్తారు. గోడ మీద ఇప్పుడు ఆరు బెలూన్లున్నాయి. కిడ్నీల సంగతి ఆ గోడకి తెలియదు.

కొత్త ఊపిరితిత్తుల్ని ఒంట్లో నిలబెట్టే మాత్రలే కిడ్నీల్ని కొద్దికొద్దిగా కొరుకుతాయని నర్సు మొదటే చెప్పింది. "రోజూ పొద్దున్నే బరువు చూసి పుస్తకంలో రాయి బాబాయ్. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యి. అది ఒంట్లో చేరే నీరు."

ఏళ్ల తరబడి అరవై రెండే రాశాడు. మొన్నామధ్య ఇంట్లో కాటా ముల్లు అరవై నాలుగు చూపించింది. మేస్త్రీ ఫోన్ చెయ్యలేదు, కాటాని బోర్లించాడు. "స్ప్రింగు సాగింది" అని తేల్చి స్క్రూ తిప్పాడు. మళ్లీ అరవై రెండు! పది రోజులకు ఇంకో రెండు పెరిగితే ఇంకోసారి తిప్పాడు. రెండుసార్లూ తూకపురాళ్ల సంచి పక్కనే ఉంది. తియ్యలేదు.

"చెప్పులు పట్టడం లేదేంటండీ?" అంది భార్య.

"వానకి బిగుసుకున్నాయి."

"మరి పిక్కల మీద ఈ మేజోళ్ల గుంటలు?"

"రబ్బరు కొత్తది."

"చెప్పులు తప్పు, రబ్బరు తప్పు, కాటా తప్పు. ఇంట్లో మీరొక్కరే కరెక్టు. పదండి ఆస్పత్రికి."

అక్కడి కాటా అరవై ఆరు చూపించింది.

"మీ కాటా తప్పమ్మా" అన్నాడు మేస్త్రీ నర్సుతో. సంచిలోంచి అయిదు కిలోల రాళ్లు రెండు తీసి పెట్టాడు. పది. తీసి మళ్లీ పెట్టాడు. పది.

"ఇంకోసారి పెట్టండి, మీ మొహం చూసి తగ్గుతుందేమో" అంది భార్య.

రక్తపరీక్ష కాగితం చూసి కిడ్నీ డాక్టరు తల పట్టుకున్నాడు. "మొదటి రెండు కిలోలప్పుడే వచ్చుంటే సగం బలం మిగిలేది. ఇప్పుడు మూడో వంతే. మాత్ర తగ్గించి నీరు లాగేద్దాం. అదీ పోయిందంటే ఇక జీవితాంతం డయాలసిసే."

పక్కనే ఉన్న ఊపిరితిత్తుల డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "తగ్గిస్తే నా ఊపిరితిత్తులు ఏమవ్వాలి?"

"మీవెప్పుడయ్యాయి సార్?" అంది భార్య. "ఫొటోలో ఊదేది మా ఆయన కదా?"

కాసేపు వాదించుకుని ఇద్దరూ ఓ మోతాదు దగ్గర రాజీపడ్డారు. ఆ మోతాదు నిలబడాలంటే రోజూ నిజం బరువు తెలియాలన్నారు. ఇద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఇంటికొచ్చాక ఆవిడే రాళ్లు తీసి కాటా మీద పెట్టింది. ముల్లు తొమ్మిదిన్నర కూడా దాటలేదు.

"ఇలాంటి కాటా కొట్లో దొరికితే ఏమంటారు?"

"దొంగ వెధవ అంటాను" అన్నాడు మేస్త్రీ నేల చూస్తూ.

స్క్రూ వెనక్కి తిప్పాడు. పది చూపించాక తీగ చుట్టి సీలు నొక్కాడు. ఆవిడ సీలు పటకారు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. పుస్తకం, పెన్ను కూడా తనే పట్టుకుంది.

"ఎక్కండి."

ఎక్కాడు. అరవై ఆరు.

"చొక్కా బరువు కూడా..."

"విప్పి ఎక్కండి."