మగ వార్డులో మొదటి ఆడమనిషిని

కువైట్ మీద యుద్ధం మొదలయ్యేనాటికి నేను ఒమన్ సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేరి మూడేళ్లయింది. గాయపడి వచ్చే సైనికుల కోసం నలభై పడకల వార్డు కొత్తగా తెరిచి నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. అంతవరకు అక్కడ మగ వార్డుల్లో మగ నర్సులే పనిచేసేవారు. "ఆడమనిషి ముందు మగాళ్లు సిగ్గుపడతారు, పని జరగదు" అని మా మేజర్ డాక్టరు నా ముఖం మీదే అన్నాడు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మూడు నెలలు చూసి మాట్లాడమన్నాను.

తీరా చూస్తే యుద్ధం నుంచి ఒక్కరూ రాలేదు. కవాతులో కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు నలుగురైదుగురు తప్ప పడకలన్నీ ఖాళీయే. రోజూ దుప్పట్లు మార్చడం, రక్తం సీసాలు లెక్కచూడడం, విషవాయువు వస్తే ముసుగు ఎలా తొడుక్కోవాలో నేర్చుకోవడం. ఆ నలుగురైదుగురూ మొదట్లో నన్ను చూసి దుప్పటి గడ్డం దాకా లాక్కునేవాళ్లు. నేను కసిరి లాగేసేదాన్ని. వారం తిరిగేసరికి దారికొచ్చారు. నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం డాక్టర్లంతా ముసుగుల శిక్షణకు వెళ్లారు. వార్డులో నేనే పెద్దని. స్థావరంలో షెడ్డు కడుతున్న కూలీని ఇద్దరు పికప్‌లో తెచ్చారు. రుసైల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సిమెంటు ఇటుకల లోడు జారి, పొద్దున అతన్ని గోడకేసి నొక్కిందట. రూమ్‌లో పడుకుంటే తగ్గుతుందని ఫోర్‌మన్ అన్నాడట. వాళ్లు తమలో తాము తెలుగు మాట్లాడుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నాను.

"కరీంనగర్ దిక్కు అక్కా. మీరు గూడ మనోళ్లేనా?" అని ఆ నొప్పిలోనే నవ్వాడు. ముప్పై ఏళ్లుంటాయేమో.

ప్రాణాపాయమైతే తప్ప బయటివాళ్లను చేర్చుకోవద్దని ఉత్తర్వు. అతనికి అంత ప్రమాదం ఉందో లేదో తేల్చాల్సింది నేనే. ప్యాంటు మోకాలి పైదాకా కత్తిరించాను. తొడ కమిలి వాచింది. ఇంకా పైకి చూడబోతే నడుము దగ్గర బట్టను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంకెక్కడైనా నొప్పిగా ఉందా? దాచకుండా చెప్పు."

"లేదక్కా. గీ కాలొక్కటే."

వేరే ఎవరైనా అయితే ఆ చేతులు విదిలించి చూసేదాన్నే. నా భాషలో అక్కా అన్నాడు. ఆ పిలుపుకి నాకూ మొహమాటం వచ్చింది. నాడి వేగంగా కొట్టుకుంటోంది, భయం వల్ల అనుకున్నాను. కాలికి కట్టు కట్టి, సూది మందిచ్చి, 'నిలకడగా ఉన్నాడు' అని కాగితం మీద రాసి, అదే పికప్‌లో మస్కట్ పెద్దాసుపత్రికి పంపేశాను. నా వెనక ముప్పై అయిదు పడకలు ఖాళీగా ఉన్నాయి.

దారిలోనే చచ్చిపోయాడు.

మూడో రోజు అతన్ని తెచ్చినవాళ్లలో ఒకడు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. శవాన్ని ఇంటికి పంపే కాగితాలకు నా సంతకం కావాలట. పెట్టాను. వెళ్లబోతూ ఆగాడు.

"పొద్దుగాల మూత్రానికి పోతే అంత నెత్తురే పడ్డదని నాతోని చెప్పిండు మేడం. ఆడామె ముంగట గా ముచ్చట తియ్యకుమని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు. మగాయన ఉంటే చెప్తుండె."

అతను నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కటి ఎముక విరిగి లోపలంతా రక్తం పోయిందన్నమాట. ఒక్క ప్రశ్న అడిగితే తెలిసేది. ఉచ్చ ఎప్పుడు పోశావు, ఎలా వచ్చింది అని. నర్సింగ్‌లో మొదటి సంవత్సరం పిల్లకి కూడా తెలిసిన ప్రశ్న. బాత్రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు ఏడ్చాను.

యుద్ధం అయిపోయింది. పడకలు మడిచి గోదాముకు పంపుతున్న రోజుల్లో మేజర్ నన్ను పిలిచాడు. ఆడనర్సులను మగ వార్డుల్లో కొనసాగించాలా వద్దా అని పైవాళ్లు అడిగారట. "నువ్వు గెలిచావు. నీ అనుభవం నువ్వే రాయి" అన్నాడు. అతనికి ఆ కూలీ సంగతి గుర్తు కూడా లేదు.

నిజం రాస్తే నాతోపాటు నా వెనక వచ్చేవాళ్ల దారీ మూసుకుపోతుంది. రాయకపోతే అతను ఊరికే చచ్చిపోయినట్టు. సాయంత్రం దాకా ఆ కాగితం ముందు కూర్చున్నాను. చివరికి, రోగుల వైపు నుంచి ఏ ఇబ్బందీ ఎదురుకాలేదని రాసి సంతకం పెట్టాను.

ఆ ఏడాదే ఇంకో ఆరుగురు ఆడపిల్లలను మగ వార్డులకు వేశారు. మొదటి రోజు వచ్చి నా చేతులు పట్టుకుని, మీ వల్లే మాకీ పని దొరికింది మేడం అన్నారు.