మేనత్త దవడకు ఉప్పు కాపడం

మొన్న మంగళవారం మా మేనత్త పోయింది. "నిద్రలోనే పోయింది, బాధేమీ పడలేదు," అన్నాడు కబురు తెచ్చిన పక్కింటాయన. "పడలేదని నీకెలా తెలుసు?" అని అడిగాను. చావుకబురు మోసుకొచ్చిన మనిషిని అలా నిలదీయకూడదు. ఏం చేయను, నాది పుట్టుకతోనే అనుమానపు బుర్ర. దానివల్ల అత్త ఎంత పడిందో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

అత్తావాళ్ళది శ్రీకాకుళం నుంచి వచ్చి రాయపూర్‌లో రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. నేను వాళ్ళింట్లోనే ఉండి వ్యాగన్లు బాగుచేసే రైల్వే షాపులో కొత్తగా పనికి చేరాను. ఎనభైల్లో మాట. అత్తకు కింది దవడ ఎముకలో కంతి లేచింది. డాక్టరు దాన్ని తీసేసి, మళ్ళీ రాకుండా ఆ చోట ఎముకను మంచుకన్నా చల్లని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించాడు. "చలికి ఆ ఎముకలో నెత్తురు తిరగడం ఆగింది. చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు మెల్లగా పాకుతాయి. నెలలు పడుతుంది. అందాకా గట్టివి కొరికితే దవడ విరుగుతుంది," అని హిందీలో చెప్పాడు.

నాకు నమ్మకం కుదరలేదు. నెత్తురు ఆపినవాడు మళ్ళీ తెప్పిస్తాడా? ఎముక చచ్చిపోయింది, ఆ మాట మా దగ్గర దాస్తున్నాడు అనుకున్నాను. మా ఇళ్ళలో బెణికినా వాచినా ఉప్పు కాపడమే. చలికి ఆగింది వేడికి కదలదా అని రాళ్ళుప్పు వేయించి, మూటగట్టి, అత్త గడ్డం పక్కగా అద్దాను.

"కాలుతోందా అత్తా?"

"నాకేటీ తెల్డం లేదురా. ఇంకాసేపు ఉంచు."

అక్కడి నరం మొద్దుబారి ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు. నేనే చెవిన పెట్టలేదు. మూట తీసేసరికి ఇంత బొబ్బ!

మర్నాడు డాక్టరు మండిపడ్డాడు. ఎవరు చేశారని గద్దించాడు. నేను అత్త వెనక్కి జరిగాను. "నేనే బాబూ, బుద్ధి లేక," అంది అత్త, తడుముకుంటూ హిందీలో. బయటికొచ్చాక మాత్రం, "అనుమానం ముందు పుట్టి, ఆ తర్వాత నువ్వు పుట్టావురా," అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నెలల తరబడి మెత్తని అన్నం, పప్పుకట్టు. ఎక్స్‌రే తీయించిన ప్రతిసారీ కవరు మీద పేరు రెండుసార్లు చూసేవాణ్ణి, వేరేవాళ్ళది అంటగట్టారేమోనని. ఏడాది తర్వాత డాక్టరు ఎముక బాగుందన్నాడు, ఇక ఏమైనా తినొచ్చన్నాడు. ఇంకో రెండు నెలలు ఆగుదామన్నాను నేను.

అత్త విన్లేదు. ఇంటికి రాగానే డబ్బాలోంచి చేగోడీ తీసింది. "నీకు డాక్టరు మీదా నమ్మకం లేదు, ఫొటో మీదా నమ్మకం లేదు. ఇలా రా," అని నా చెయ్యి లాక్కుని దవడ మీద పెట్టుకుంది.

"వద్దత్తా," అన్నాను.

ఫట్‌మని కొరికింది. నా అరచేతి కింద ఆ దవడ వెచ్చగా, తీరుబడిగా నములుతూనే ఉంది.