నారాయణపేట దారిలో అత్తమ్మ చెవి

నారాయణపేట చీరను మగ్గం మీద ఉండగా చూసి, నేసినవాళ్ల ఇంట్లోనే కొనుక్కోవాలని మా మల్లమ్మత్తకు చాలా ఏళ్ల నుంచి కోరిక. అత్త మా నాన్నకు అక్క. తిరుమలగిరి దగ్గర పల్లెలో గొర్రెలు కాస్తుంది. నాకు నకిరేకల్‌లో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఉంది. నా దగ్గరికి కుట్టుపనికి వచ్చిన ఒకామె చీర అంచును అత్త రెండు వేళ్లతో నలిపి చూసి, ఇదెక్కడిదని అడిగింది. అప్పటి నుంచి నేను ఎప్పుడు కనిపించినా ఆ మాటే. మొన్న దసరా వెళ్లాక కొడుకు మందను చూసుకుంటానన్నాడు. అత్త ముందురోజు సాయంత్రమే చేతిసంచితో నా ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ కుడి చెవిని మాటిమాటికీ నొక్కుకుంటుంటే ఏమైందని అడిగాను. కొన్నాళ్లుగా లోపల ఏదో గీకినట్టు ఉంటోందనీ, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసినా తగ్గలేదనీ చెప్పింది. వానకు తడిసి చెవిలోకి నీళ్లు పోయి ఉంటాయని తనే తేల్చేసింది. నేనూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఉదయం ఆరున్నరకు నకిరేకల్ బస్టాండులో నల్లగొండ బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్‌ను అత్త మడిచి కొంగున ముడేసుకుంది. నల్లగొండలో దిగి ఇడ్లీ తిన్నాం. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నకిరేకల్ నుంచి నారాయణపేటకు నేరుగా బస్సు కోసం చూస్తూ కూర్చోవద్దు. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, ఇలా మారుతూ పోతే ఎక్కడా ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. నల్లగొండ దాటాక బత్తాయి తోటలు, ఆ తర్వాత గుండ్లూ గుట్టలూ, మధ్యమధ్య తెల్లగా విచ్చిన పత్తి చేలు. అత్త కిటికీ పక్కన కూర్చుని ఏ బీడులో గొర్రెలకు మేత ఉందో, ఎక్కడ లేదో చెబుతూనే ఉంది.

దేవరకొండలో బస్సు మారాక అత్త మాటలు తగ్గాయి. నిద్రపోతోందేమో అనుకున్నాను. ఎదురు సీట్లో కూర్చున్న ఒకావిడ, మీ అత్తమ్మ కంట్లో దుమ్ము పడ్డట్టుంది, ఒకటే నీళ్లు కారుతున్నాయని నాతో అంది. చూస్తే కుడి కంటి నుంచి చెంప మీదికి ధార కట్టింది. గాలికి అయి ఉంటుందని కిటికీ అద్దం జరిపాను.

కల్వకుర్తి చేరేసరికి పదకొండు దాటింది. బస్టాండు బయట పూరీలు చెప్పి, ముందు ఛాయ్ తెప్పించాను. అత్త ఒక గుక్క తాగింది. ఛాయ్ మూతి కుడి మూల నుంచి కారి రవిక మీద పడింది. తుడుచుకుని మళ్లీ తాగింది, మళ్లీ కారింది. గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది.

"సునీతా, నా మూతి గిట్ల గుంజుతాందేందే?"

ముఖంలో కుడి సగం జారిపోయి ఉంది. పెదవి ఎడమ పక్కకు లాగేసింది. కళ్లు మూసుకోమంటే ఎడమ కన్ను మూసుకుంది, కుడి కన్ను సగం తెరుచుకునే ఉండిపోయింది.

మా నాన్నకు కూడా మొదట మూతే వంకరపోయింది. ఆ తర్వాత చెయ్యి, ఆ తర్వాత మాట. పక్షవాతం అన్నారు. వారం తిరక్కుండానే పోయాడు. అప్పుడు ఆయన తల దగ్గర కూర్చుని నీళ్లు పట్టింది అత్తే. ఇప్పుడు ఆమె ముఖంలో నాకు నాన్న ముఖం కనపడింది. అత్తకూ అదే గుర్తొచ్చిందని ఆమె చూపులోనే తెలిసింది.

పూరీలు అలాగే వదిలేసి మహబూబ్‌నగర్ బస్సెక్కాం. సంగతి బస్సులో అందరికీ తెలిసిపోయింది. తలా ఒక సలహా ఇచ్చారు. ఉల్లిగడ్డల బస్తాతో కూర్చున్న ఒక పెద్దాయన, జడ్చర్ల ఈవల తమ ఊళ్లో పక్షవాతానికి ఆకుపసరు పోసేవాడున్నాడనీ, తనతో దిగితే తనే తీసుకెళ్తాననీ మంచి మనసుతోనే చెప్పాడు. అత్త దిగుదామంది. దవాఖానలో మిషన్ల కింద పెట్టి చంపుతారని ఆమె భయం. అప్పుడు డ్రైవర్ వెనక సీట్లో ఉన్న ఒక నడివయసు మనిషి లేచి మా దగ్గరికి వచ్చి, చిన్నగా చెప్పాడు.

"మా తమ్మున్ని ముందుగాల పసరుకే తీస్కపోయినం అక్కా. దవాఖానకు పోయెటాళ్లకు ఆలస్యమైంది. సీదా పెద్ద దవాఖానకే పోండ్రి."

అంతే చెప్పి మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆయన తమ్ముడు ఏమయ్యాడో నేను అడగలేదు. జడ్చర్ల దగ్గర పెద్దాయన దిగాడు, మేం దిగలేదు. బస్సు కదిలాక అత్త నా చెయ్యి పట్టుకుంది. చివరి రోజుల్లో నాన్న చెయ్యి పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుంది.

"నాకేమన్న అయితే మందను అమ్మొద్దని నా కొడుక్కు చెప్పు. గుడ్డి గొర్రెను జర దగ్గరికి తీస్కొమ్మను."

మహబూబ్‌నగర్‌లో దిగగానే ఆటో మాట్లాడి పెద్ద దవాఖానకు వెళ్లాం. ఓపీ చీటీలిచ్చే వేళ దాటిపోయినా, మూతి వంకరపోయిందని చెప్పేసరికి అత్తను నేరుగా ఎమర్జెన్సీలోకి తీసుకున్నారు. బీపీ చూశారు. ఒక డాక్టర్ వచ్చి రెండు చేతులూ ముందుకు చాపమన్నాడు, వేళ్లు గట్టిగా పట్టుకోమన్నాడు, నడవమన్నాడు. అన్నీ బాగానే చేసింది. కనుబొమ్మలు పైకెత్తమంటే మాత్రం ఎడమది లేచింది, కుడిది కదల్లేదు. నుదురు కుడి సగం మీద ఒక్క ముడత పడలేదు. అది చూసి డాక్టర్ ముఖం కాస్త తేలికపడింది. మెదడుకు వచ్చిన పక్షవాతమైతే నుదురు మామూలుగా ముడత పడుతుందనీ, ఇది ముఖం నరం దెబ్బతిన్నట్టుందనీ చెప్పి, చెవి సంగతి అడిగాడు. గీకుడు, నొప్పి, నూనె, అన్నీ చెప్పాను. చెవి డాక్టర్ దగ్గరికి పంపించాడు.

చెవి డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. అత్తను స్టూలు మీద కూర్చోబెట్టి చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, మీకు గొర్రెలున్నయా?"

"ఉన్నయి బిడ్డా. వాటికేమైంది?"

"వాటి మీది పిడుదు మీ చెవిలకొచ్చింది. లోపల పట్టుకొని నెత్తురు తాగుతాంది."

డాక్టరమ్మ అత్త చెవిలో చుక్కలు వేసి, అది చచ్చి పట్టు వదిలేదాకా కదలకుండా ఉండమంది. తర్వాత సన్నటి పట్టకారు లోపలికి పెట్టి మెల్లగా లాగింది. అత్త ఒకసారి పళ్లు బిగించింది. డాక్టరమ్మ తెల్లటి దూది మీద దాన్ని పెట్టి మాకు చూపించింది. నెత్తురు తాగి ఉబ్బి, నానిన శనగగింజలా బూడిదరంగుగా ఉంది. పక్కలకు సన్నటి కాళ్లు.

ముఖానికి పోయే నరం చెవి పక్కనుంచే వెళ్తుందనీ, పిడుదు చెవిలో పడితే ఒక్కోసారి ఇలా మూతి పోతుందనీ ఆమె వివరించింది. నెమ్మదిగా కొన్ని వారాల్లో చాలావరకు మామూలు అవుతుందని ధైర్యం చెప్పింది. మాత్రలు రాసింది. కన్ను మూతపడటం లేదు కాబట్టి ఎండిపోకుండా చుక్కలు వేసుకోవాలనీ, పడుకునేటప్పుడు పట్టీ వేయాలనీ, జ్వరం వస్తే వెంటనే రావాలనీ, వారం తర్వాత దగ్గర్లోని దవాఖానలో ఎలాగూ చూపించుకోవాలనీ చెప్పింది. గొర్రెల పిడుదులను వేళ్లతో నలపవద్దని కూడా చెప్పింది.

అత్త రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. ఆమె నవ్వుతోంది. సగం ముఖమే నవ్వుతోంది కానీ కడుపు నిండా నవ్వుతోంది.

"పుట్టినకాన్నుంచి గొర్ల పిడుదులు ఏరుతున్న. నా చెవులదే దొరకలే."

డాక్టరమ్మ కూడా నవ్వేసింది. నేను మాత్రం బయటికి వచ్చి నల్లా దగ్గర ముఖం కడుక్కుంటూ ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మందులు తీసుకోవడానికి లైన్‌లో నిలబడ్డప్పుడు వెనకాలామె, మీవాళ్లకు బాగలేదా అని జాలిగా అడిగింది. బాగుంది, బాగుందని ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పాను.

ఆ పూట నేను ఇంటికి తిరిగి పోదామన్నాను. చెవిలో గీకుడు ఆగిపోయింది, ఇంత దూరం వచ్చి చీర చూడకుండా పోనని అత్త మొండికేసింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. నేను పరుపు నాలుగు మూలలూ ఎత్తి నల్లులున్నాయేమోనని వెతుకుతుంటే అత్త మంచం మీదే కూర్చుని, తాగాల్సినంత ఆ పిడుదే తాగింది, నల్లులకు ఇంకేం మిగిలిందని నవ్వింది. నల్లులు లేవు. దుప్పట్లు ఉతికినవే. కింద మెస్సులో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. అత్త ఎడమ పక్కనే నములుతూ రొట్టె ముగించింది. కంటికి పట్టీ వేశాక దీపం ఆర్పకముందే నిద్రపోయింది.

మర్నాడు ఉదయం ఏడింటి బస్సుకు దేవరకద్ర, మరికల్ మీదుగా నారాయణపేట చేరాం. బజారులో తెలుగు ఎంతో కన్నడమూ అంతే వినపడుతుంది. నేతగాళ్ల వాడ ఎటని అడిగితే ఒక ముసలాయన మాతో పాటు నడిచి వచ్చి మరీ చూపించాడు. పొద్దున్నే వెళ్తే మగ్గాలు నడుస్తూ కనిపిస్తాయి. చూస్తామంటే ఎవరూ కాదనలేదు. మేం వెళ్లిన ఇంట్లో మొగుడు గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు, పెళ్లాం పక్కన కండెలకు నూలు చుడుతోంది. మగ్గానికి ఒకసారి ఎక్కించిన పడుగు దారాల మీదే వరసగా ఎన్నో చీరలు దిగుతాయని ఆయన చెప్పాడు.

అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడింది. పంటి నొప్పా అని ఇంటామె అడిగితే తల ఊపింది. ముదురాకుపచ్చ గళ్ల ఒంటికి కుంకుమ రంగు పెద్ద అంచున్న చీర ఒకటి ఆమె మడతలు విప్పి పరిచింది. అత్త చూసింది కానీ ముట్టుకోలేదు.

"వంకర మూతిదానికి కొత్త చీర ఎందుకే. వచ్చే యేడు సూద్దాం" అని నా చెవిలో అంది.

ఇంతలో నేతాయన మగ్గం ఆపి, నేతలో అంచు ఒంటికి ఎలా అతుక్కుంటుందో చూడమని పిలిచాడు. అత్త వంగింది. చూపు అంచు మీదికి పోయింది. నేత ఎంత బిగువుగా ఉందో తెలియాలంటే రెండు చేతులూ కావాలి. కొంగు వదిలేసి, పరిచి ఉన్న ఆకుపచ్చ చీరను రెండు చేతులా లాగి చూసింది, వెలుతురుకెత్తి చూసింది, ఈ రంగు ఉతికితే పోదు గదా అని అడిగింది. ముఖం అందరికీ కనపడుతోందన్న సంగతే మరిచిపోయింది. ఇంటామె ఆ ముఖం చూసింది, నన్ను చూసింది, మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆకుపచ్చ చీరే తీసుకున్నాం. బయటికొచ్చాక నేను దానికి జాకెట్ ఎలా కుట్టాలో అత్త చెబుతూ నడిచింది. కొంగు మళ్లీ ముఖం మీదికి పోలేదు.

మధ్యాహ్నానికి మహబూబ్‌నగర్, అక్కడి నుంచి కల్వకుర్తి వచ్చి, దేవరకొండ బస్సులో కూర్చున్నాం. సీతాఫలాల గంపలు కిటికీల దగ్గరికి వచ్చాయి. పండినవి ఏరి కొన్నాను. రెండు రోజుల్లో అప్పుడే నాకు నిజంగా ఆకలి వేసింది. ఒకటి తర్వాత ఒకటి తింటూనే ఉన్నాను. అత్త మెత్తటి గుజ్జు చప్పరిస్తూ, గింజలు ఒక పక్క నుంచి జారిపోతుంటే కాగితంలో పట్టుకుంటోంది.

పక్క సీట్లో మనవరాలిని ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ ఆ గింజలు పారేయవద్దని చెప్పి కాగితం అడిగి తీసుకుంది. పిల్ల తలంతా పేలేననీ, గింజలు ఎండబెట్టి పొడి చేసి రాస్తే చస్తాయనీ చెప్పింది. ఆ పొడి కంట్లో పడితే కన్నే చెడుతుందని నేను చెప్పాను. అత్త అందుకుని, దవాఖానలో మందు అడుగు, పేల దువ్వెనతో రోజూ దువ్వు, ఈ పసర్లూ పొడులూ వద్దని గట్టిగా చెప్పింది. నిన్న మహబూబ్‌నగర్ బస్సులో పసరుకు దిగుదామన్న మనిషి తనే. తన మూతి చూపించి పిడుదు కథంతా చెప్పింది. ముందు సీట్లవాళ్లు కూడా తిరిగి విన్నారు. ఆ ఆడమనిషి గింజల కాగితాన్ని కిటికీలోంచి విసిరేసింది.

"నెత్తి సూశేటప్పుడు చెవులు గూడ సూడు బిడ్డా" అంది అత్త.

ఆమెకు అది సరిగా అర్థమైనట్టు లేదు. అత్త చేతులు చాపి పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది. జుట్టు వెనక్కి తోసి, తలను కిటికీ వైపు తిప్పి, సాయంత్రపు ఎండ చెవిలోకి పడేలా పట్టుకుని ఒక కన్ను దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత రెండో చెవి చూసింది. పిల్ల చక్కిలిగింతకు మెలికలు తిరిగి నవ్వింది.

"ఏం లేదు. రెండు సాఫున్నయి" అని అత్త పిల్లను తిరిగి ఇచ్చింది.