ఇడ్లీ లెక్క

మా బామ్మర్ది మొదటిసారి టీవీలో కనబడిన రోజు నాకు అన్నం సయించలేదు. పెద్ద టీవీ కూడా కాదు, తిరుపతిలో మొదలై మా జిల్లా దాటని కేబుల్ ఛానెల్. రాష్ట్ర బడ్జెట్ మీద చర్చ. ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవాలా, అభివృద్ధి కావాలంటే ఇంకా ఖర్చు పెట్టాలా అని నలుగురిని కూర్చోబెట్టారు. అందులో ఒకడు నా భార్య తమ్ముడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. కింద అతని పేరు, పేరు పక్కన ‘ఆర్థిక విశ్లేషకుడు’ అని అక్షరాలు.

నేను ఎమ్మే ఎకనామిక్స్. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. ఏటా రెన్యువల్ కాగితం కోసం ఎదురుచూసే బతుకే అయినా, చెప్పేది ఎకనామిక్సే. అతను సూళ్లూరుపేటలో ఉంటాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి పనివాళ్లను శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు చేరవేసే బస్సులు తిప్పుతాడు. ఇంటర్‌లో ఎకనామిక్స్ తప్పితే, మా ఇంట్లో ఉండి నా దగ్గర చదువుకుని గట్టెక్కాడు. అతనేమో విశ్లేషకుడు, నేనేమో సోఫాలో కూర్చుని చూసేవాణ్ణి.

నా భార్య ఆనందం పట్టలేకపోయింది. పక్కింటావిడను పిలిచింది, వాళ్లమ్మకు ఫోన్ చేసింది. “మా తమ్ముడు మాట్లాడతా ఉండాడు, టీవీ పెట్టుకోండి” అని అందరికీ చెబుతోంది. నేను చదువు చెప్పబట్టి ఇన్నేళ్లయింది, ఒక్కరోజూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు.

అంతవరకూ ఓర్చుకున్నాను. అప్పుడతను ముందుకు వంగి, చెయ్యి ఊపుతూ మొదలుపెట్టాడు.

“సార్, ప్రభుత్వం రోడ్డేస్తే కూలోనికి డబ్బొస్తాది. వాడు పొద్దున్నే ఇడ్లీ తింటాడు. ఇడ్లీలమ్మే ఆయమ్మ మినప్పప్పు కొంటాది. పప్పంగడాయప్ప బిడ్డకు చెప్పులు కొనిస్తాడు. ఒకరి ఖర్చే ఇంకొకరి సంపాదన సార్. ఖర్చు ఆపితిరంటే ఆ ఇడ్లీ కాడ్నించి అంతా ఆగిపోతాది!”

యాంకర్ పకపకా నవ్వి, ఇంత సులభంగా ఎవరూ చెప్పలేదన్నాడు.

ఆ ఇడ్లీ నాది. పుస్తకంలో దాన్ని గుణకం అంటారు. ఎన్నిసార్లు చెప్పినా అతని బుర్రకెక్కకపోతే, ఒక పొద్దున ఎదురుగా ఉన్న ఇడ్లీ ప్లేటు చూపించి నేను కట్టిన లెక్క అది. అప్పటినుంచి ప్రతి బ్యాచికీ అదే చెబుతున్నాను. పిల్లలు పరీక్షల్లో అదే రాస్తారు. దాన్ని అతను నా కళ్ల ముందే ఊరందరికీ వడ్డించాడు.

చర్చ అయిపోగానే ఫోన్ చేశాడు. “ఎట్లుండాది బావా?”

“బాగుండాది” అన్నాను పళ్లు నూరుకుంటూ. “ఆ ఇడ్లీ మాట నీకు యాడిది?”

“అప్పటికప్పుడు తట్టింది బావా. కెమెరా సూడంగానే నోటికొచ్చేసింది.”

అబద్ధం చెప్పడంలేదు. నిజంగానే మర్చిపోయాడు. అబద్ధమైతే నిలదీసేవాణ్ణి. మర్చిపోయిన మనిషితో ఏం పోట్లాడను? నా ఇడ్లీ అని ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. ఆ కుళ్లు అలాగే లోపల పెట్టుకుని తిరిగాను.

తిరిగినచోటల్లా అతని మాటే. కూరగాయల మార్కెట్లో, కాలేజీ ముందు టీ అంగడిలో, “మీ బామ్మర్ది బలే చెప్పినాడప్పా” అనేవాళ్లే. చివరికి మా స్టాఫ్ రూంలోనే నన్ను ఎవరికో ‘ఆ ఇడ్లీ ఆయన బావ’ అని పరిచయం చేశారు. ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే మా కాలేజీకి ఒక ఉత్తర్వు వచ్చింది. ఖర్చు తగ్గించే పనిలో భాగంగా, పిల్లలు తక్కువ చేరే గ్రూపులను మూసేస్తారట. మా ఎకనామిక్స్ గ్రూపులో బెంచీలు ఖాళీగానే ఉంటాయి. గ్రూపు పోతే నా రెన్యువల్ పోతుంది. ఇంటికి వచ్చే జీతం అదొక్కటే.

ఆ వారంలోనే ఛానెల్ నుంచి నాకు పిలుపు. పిలిపించింది మా బామ్మర్దే. మా బావ లెక్చరర్, నాకంటే బాగా మాట్లాడతాడని యాంకర్‌తో చెప్పాడట. అతని సిఫార్సు మీద వెళ్లడమా అని మొదట మొహం మాడ్చుకున్నాను. తర్వాత యాంకర్ ఫోన్లో అసలు సంగతి చెప్పాడు. “ఖర్చు పెంచాలనే పక్క మీ బామ్మర్ది కూర్చుంటాడు సార్. తగ్గించాలనే పక్కకు మనిషి కావాల.”

నేను నమ్మేది బామ్మర్ది చెప్పేదే. నా దగ్గర నేర్చుకున్నదే కదా మరి. అయినా ఒప్పుకున్నాను. అతని ఎదురుగా కుర్చీ, నడుమ కెమెరా. అంతకంటే నాకేం కావాలి?

స్టూడియోలో నా పేరు పక్కన కూడా ‘విశ్లేషకుడు’ అనే వేశారు. లెక్చరర్ అని వేయమన్నా వినలేదు. నేను ద్రవ్యలోటు గురించి, అప్పుల గురించి, వడ్డీల గురించి దంచాను. క్లాసులో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. అతనికి ఊపిరాడక మళ్లీ ఇడ్లీ ఎత్తుకున్నాడు. నేను కాచుకుని ఉన్నది దానికోసమే.

“ఇడ్లీ తింటే దేశం బాగుపడుతుందా అబ్బా? ఆ ఇడ్లీ అప్పు చేసి తెచ్చింది. వడ్డీ ఎవరు కడతారు? ఇది లెక్కే కాదు, తప్పు.”

అందరూ గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. పైగా, మా బావ చూడండి అన్నట్టు యాంకర్ వైపు గర్వంగా చూశాడు. ఆ చూపుతో నాకు ఇంకా మండింది.

“మరి ఖర్చు ఎక్కడ తగ్గించాలో ఒక్క ఉదాహరణ చెప్పండి సార్” అన్నాడు యాంకర్.

“పిల్లలు లేని క్లాసులకు జీతాలెందుకు? ఎవరూ చేరని గ్రూపులు మూసెయ్యండి. ఆ డబ్బు పరిశ్రమలు రావడానికి పెట్టండి. ఉద్యోగాలు వాటంతటవే వస్తాయి.”

మా బామ్మర్ది తల దించుకున్నాడు. నా మాట నా మెడకే చుట్టుకుంటుందని తెలుస్తూనే ఉంది. అయినా ఆ దించిన తలను తనివితీరా చూశాను.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “ఏంది బావా అట్లంటివి? అది నీ గ్రూపే గదా.”

“చర్చ అంటే చర్చే” అని విడిపించుకున్నాను.

రెండు రోజులకు ప్రిన్సిపాల్ పిలిపించాడు. “ఈ గ్రూపు ఉంచమని పైకి రాద్దామనుకుంటి సార్. టీవీలో మీరే మూసెయ్యమంటిరి. ఇంక నేనేమని రాసేది?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే బాధపడ్డాడు. అడ్మిషన్లు ముగిసేలోగా బెంచీలు నిండితే సరే, లేకపోతే తన చేతుల్లో లేదన్నాడు.

ఇంట్లో చెప్పగానే నా భార్య తల పట్టుకుంది. “మా తమ్మున్ని గెలవాలని బిడ్డల కూడు పోగొడతావా?” అంది. ఎవరికీ చెప్పొద్దని గట్టిగా అన్నాను. నేను పెరట్లోకి వెళ్లేలోపే ఫోన్ తీసింది.

తర్వాత జరిగింది ఆమె చెబితేనే తెలిసింది. అతను పొద్దున పొద్దున్నే తన బస్సులన్నీ ఒక్కొక్కటిగా ఎక్కాడట. డ్యూటీకి పోయేవాళ్లు సగం నిద్రలో ఉంటే చప్పట్లు కొట్టి లేపి, “మీ బిడ్డల్ని తిరుపతిలో ఎకనామిక్స్‌లో చేర్పించండి. మా బావంత బాగా సెప్పేవాళ్లు ఈ పక్క యాడా లేరు” అన్నాడట. హాస్టల్ సీట్లకు కూడా తనే తిరిగాడు. ఫ్యాక్టరీ పనివాళ్ల పిల్లలు, పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని వరసగా వచ్చారు. మా గ్రూపులో నేనెప్పుడూ చూడనంత మంది చేరారు. గ్రూపు నిలబడింది. రెన్యువల్ కాగితం వచ్చింది.

ఆ ఆదివారం అతను వాళ్లమ్మతో కలిసి పులికాట్ రొయ్యలు పట్టుకుని వచ్చాడు. మా అత్త అతనికి దిష్టి తీసింది. నా భార్య కొసరి కొసరి వడ్డించింది, ముందు అతనికి, తర్వాత నాకు. నేను థాంక్స్ చెప్పాలని అందరూ నా వైపే చూస్తున్నారు. చెప్పాను. రొయ్యలు చాలా బాగున్నాయి. బాగున్నందుకు కూడా నాకు మండింది.

కాలేజీలో గుణకం పాఠం వచ్చింది. ఇన్నాళ్లూ ఖాళీ బెంచీలకు చెప్పిన పాఠం, నిండుగా ఉన్న క్లాసుకు మొదటిసారి చెప్పబోతున్నాను. సుద్దముక్క పట్టుకుని హుషారుగా మొదలుపెట్టాను. “ప్రభుత్వం ఒక రోడ్డు వేసిందనుకోండి. కూలీకి డబ్బులొచ్చాయి. అతను పొద్దున్నే ఇడ్లీ తిన్నాడు…”

ముందు బెంచీలో అమ్మాయి పక్కమ్మాయిని మోచేత్తో పొడిచి, లేచి నిలబడింది. వాళ్ల నాయన మా బామ్మర్ది బస్సులోనే డ్యూటీకి పోతాడు.

“సార్, ఇది మా బస్సులన్న సెప్పిన ఇడ్లీ లెక్క గదా? మీరే టీవీలో తప్పంటిరి?”

క్లాసంతా నా మొహం వైపు చూస్తోంది. అది నాదమ్మా, ఆ అన్నకు నేర్పింది నేనే అని నాలుక చివరిదాకా వచ్చింది. తప్పని నేనే ఊరందరి ముందూ చెప్పాక ఎవరు నమ్ముతారు?

“లేదమ్మా” అన్నాను. “మీ అన్న చెప్పిందే కరెక్టు. రాసుకోండి.”